కారు మీద నీటి మచ్చలు పడకుండా ఇంట్లోనే కడిగి ఆరబెట్టే విధానం

కారు కడిగిన కాసేపటికే బానెట్ మీద, టాపు మీద, అద్దాల అంచుల్లో తెల్లటి గుండ్రటి చుక్కలు తేలడం గోదావరి డెల్టాలో కారున్న ఇళ్లవారికి బాగా తెలిసిన విషయం. చాలామంది దీన్ని తుడవడంలో లోపమనో, షాంపూ మంచిది కాదనో అనుకొని పొడిగుడ్డతో గట్టిగా రుద్దుతారు. దానివల్ల చుక్క పోకపోగా రంగు మీద సన్నటి గీతలు పడతాయి. నిజానికి ఆ చుక్క మురికీ కాదు, సబ్బూ కాదు. నీటిలో కరిగి ఉన్న లవణాలు నీరు ఆవిరైపోయాక వెనక మిగిలిపోవడమే ఆ మచ్చ. వాటిలో ముఖ్యమైనది కాల్షియం బైకార్బొనేట్. నీరు ఆరేకొద్దీ అది కార్బొనేటుగా మారి, సున్నపు పొరలాగా పెయింటుకు అంటుకుంటుంది. చుక్క అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి లోపలి నీరు లవణాలను మోసుకుంటూ అంచువైపే జరుగుతుంది. మచ్చ నడుమ పల్చగా, చుట్టూ వలయంలా చిక్కగా కనిపించడానికి కారణం ఇదే. అందుచేత కారును ఎంత బాగా రుద్దామన్నదాని కన్నా, చివరగా దాని మీద ఏ నీరు పోశాం, ఆ నీటిని గుడ్డతో తీశామా, ఎండకు వదిలేశామా అన్నదే ముఖ్యం.

డెల్టాలో నీరు ఊరికో రకంగా, ఒక్కోచోట వీధికో రకంగా ఉంటుంది. కాలువ నీటితో నింపిన మంచినీళ్ల చెరువు నుంచి వచ్చే కుళాయి నీటిలో లవణాలు సాధారణంగా తక్కువగానే ఉంటాయి. నర్సాపురం, మొగల్తూరు, అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన వంటి సముద్ర తీరపు ప్రాంతాల్లో మాత్రం బోరు నీరు చాలాచోట్ల ఉప్పగానే వస్తుంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా లేని బోరు నీరు కూడా మచ్చలు వేయవచ్చు, ఎందుకంటే కాఠిన్యానికి, అంటే నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలకు, రుచి అంతగా తెలియదు. ఏ నీళ్లలో కందిపప్పు సరిగా ఉడకదో, ఏ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుందో ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. ఆ నీళ్లు కారుకు కూడా పనికిరావు. ఇంకా స్పష్టంగా తెలుసుకోవాలంటే, నీటిలో కరిగి ఉన్న ఘనపదార్థాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపించే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోవడం మంచిది. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు కరిగిన ఘనపదార్థాలను ఆమోదయోగ్యమని, వేరే నీటి ఆధారం లేనప్పుడు 2000 వరకు అనుమతించవచ్చని చెబుతుంది. అయితే అది తాగడానికి పెట్టిన హద్దు. మీటరు 1000 చూపించే నీరు ఒక లీటరు కారు మీదే ఎండిపోతే ఒక గ్రాము తెల్లటి పొడి అక్కడ మిగిలినట్టే. మీటరు లేనివారు బోరు నీరు, కుళాయి నీరు, ఆర్వో నీరు ఒక్కో చుక్క చొప్పున నల్లటి గాజు పలక మీదో, నల్ల పళ్లెం మీదో వేసి ఎండలో ఉంచితే, ఏ చుక్క ఎంత వలయం వదిలిందో కళ్లారా చూడవచ్చు.

కారు మొత్తాన్ని మంచినీటితో కడగాల్సిన అవసరం లేదు; అలా చేయడం తాగే నీటిని వృథా చేయడమే అవుతుంది. మట్టి వదలగొట్టడానికి, షాంపూ పోగొట్టడానికి బోరు నీరు చాలు, అది మధ్యలో ఆరిపోకుండా చూసుకుంటే అంతే. చివరగా పోసే ఆరేడు లీటర్లు మాత్రం లవణాలు లేనివి కావాలి. దీనికి మన ప్రాంతంలో సులభమైన దారులే ఉన్నాయి. ఊరి ఆర్వో ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల టిన్నులో మూడో వంతు నీరు ఒక కారుకు సరిపోతుంది. మీటరులో 50 లోపు చూపిస్తే చాలా మేలు, 100 లోపు ఉన్నా పని జరుగుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే వృథా నీటిని మాత్రం కారు దగ్గరికి రానివ్వకూడదు. వడపోతలో తొలగించిన లవణాలన్నీ అందులోనే చేరి ఉంటాయి. ఏసీ పైపు నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. మన తీరపు ఉక్కపోతలో రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్టులో చెప్పుకోదగ్గ నీరే పడుతుంది. లోపలి దుమ్ము దానితో పాటు రావచ్చు గనుక పల్చటి గుడ్డతో వడకట్టి వాడుకోవాలి. వర్షాకాలంలో మొదటి జల్లును పోనిచ్చి, ఆ తరువాతి వాననీటిని ఆరుబయట పెట్టిన డ్రమ్ములో పట్టుకుంటే అది కూడా అంత మంచిదే. ఇంట్లో నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ బిగించుకున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి స్థానంలో సోడియం చేరుస్తుంది తప్ప మొత్తం లవణాలను తగ్గించదు. ఆ నీటితో కూడా మచ్చలు పడతాయి; కాకపోతే అవి గట్టిగా అతుక్కోకుండా తడిగుడ్డకు వదిలిపోతాయి.

కాలువ నీటి గురించి కొంత విడిగా చెప్పాలి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటిలో లవణాలు తీరపు బోరు నీటి కన్నా చాలా తక్కువే, కానీ గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో అది సన్నటి ఒండ్రుతో నిండి ఉంటుంది. పటిక తిప్పి రాత్రంతా నిలవ ఉంచితే మట్టి అడుగుకు దిగి పైన నీరు తేటపడుతుంది. ఆ తేట నీటిని మొదటి కడుగుడుకు వాడవచ్చు. పటిక మట్టిని దించుతుంది గానీ కరిగిన లవణాలను తీయదు కాబట్టి చివరి నీటిగా అది వద్దు. కారును కాలువ గట్టుకు తీసుకువెళ్లి కడగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. దిగువ ఊళ్లవారి మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువతోనే, కారు కింద నుంచి కారే నూనె, గ్రీజు చేరేది ఆ నీటిలోకే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో నీటి ఎద్దడి ఉంటుంది గనుక, పైపు పెట్టి కడగడం మానుకొని బకెట్లతోనే పని ముగించడం మర్యాద.

కడిగే వేళ సగం పని చేసిపెడుతుంది. ఎండ పడే చోట, ఇనుప రేకు వేడిగా ఉన్నప్పుడు నీరు పోస్తే, ఒక వైపు కడిగేలోపే మరో వైపు ఆరిపోయి మచ్చలు తేలతాయి. వేసవిలో సూర్యుడు ఎక్కకముందే పని పూర్తి కావాలి, లేదా సాయంత్రం నీడ పడ్డాక మొదలుపెట్టాలి. అరచేతి వెనుక భాగాన్ని బానెట్ మీద ఆనించి చూసినప్పుడు వేడి తగలకూడదు. అప్పుడే ప్రయాణం చేసి వచ్చిన కారైతే ఇంజను చల్లారేవరకు ఆగాలి. పుష్య మాసపు మంచు కురిసే రోజుల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీరు త్వరగా ఆరదు, తుడుచుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. అయితే రాత్రి ఆరుబయట ఉన్న కారు మీద దుమ్ముతో కలిసిన మంచు నీరు ఎండ తగలగానే మచ్చలుగా మారుతుంది. ఆ మంచు తడిని పొడిగుడ్డతో తుడవకుండా, నీరు పోసి దుమ్మును ముందు జార్చేయాలి. కొబ్బరి చెట్ల నీడ చల్లగానే ఉంటుంది గానీ కాయో మట్టో రాలి పడే చోట కారు నిలిపి కడగడం క్షేమం కాదు. గోడ నీడ, షెడ్డు నీడ మేలు.

ఇప్పుడు అసలు కడుగుడు. ముందుగా నీరు ధారాళంగా పోసి, చేయి గానీ గుడ్డ గానీ తగిలించకుండానే దుమ్మును వీలైనంత దింపేయాలి. మన ప్రాంతంలో ఈ మెట్టుకు ఉన్న ప్రాముఖ్యం ఇంకోచోట ఉండకపోవచ్చు. రైసు మిల్లుల బాయిలర్లలో ఊకను కాలుస్తారు. ఆ ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మిల్లు పొగ వచ్చే దిక్కున ఉండే ఇళ్లలో కారు మీద పడే నల్లటి, బూడిద రంగు నలక చేతికి మెత్తగా తగిలినా, గుడ్డ కింద పడితే పెయింటును గీస్తుంది. కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోసినప్పుడు లేచే నూగు, దుమ్ము కూడా అటువంటివే. పొద్దున్నే చీపురు కుచ్చుతోనో పాత తువ్వాలుతోనో కారును పొడిగా దులిపే అలవాటును ఈ ఒక్క కారణంతోనే వదిలేయాలి. చక్రాల గూళ్లలో, డోర్ల అడుగున పట్టిన నల్లమట్టిని ముందే నానబెట్టి, వాటికి వేరే గుడ్డ, వేరే బకెట్టు కేటాయించాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో, చెరువుల గట్ల మీద తిరిగే కార్లకు, రొయ్యల లారీల వెనుక ప్రయాణించిన కార్లకు అడుగు భాగాన ఉప్పు పేరుకుంటుంది; దాన్ని తుప్పుకు వదిలేయకుండా కిందివైపు కూడా నీరు కొట్టడం అవసరం.

రెండు బకెట్లు సిద్ధం చేసుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, మరొకదానిలో ఒట్టి నీరు. షాంపూలో ముంచిన మైక్రోఫైబర్ తొడుగుతో ఒక భాగం రుద్దగానే, దాన్ని ముందు ఒట్టి నీటిలో జాడించి, మట్టి అక్కడ వదిలించి, ఆ తరువాతే మళ్లీ షాంపూలో ముంచాలి. టాపుతో మొదలుపెట్టి, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పై సగం, చివరకు డోర్ల కింది భాగాలు, బంపర్లు అనే వరుసలో పై నుంచి కిందికి రావాలి. గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో నిదానంగా లాగాలి, బలం పెట్టకూడదు. బట్టల సబ్బు నీటిలోని కాల్షియంతో కలిసి తెట్టుగా మారి మరకలు వేస్తుంది. గిన్నెల లిక్విడ్, బట్టల పౌడరు తెట్టు కట్టవు గానీ పెయింటు మీదున్న మైనపు పూతను కడిగేస్తాయి. కాబట్టి మూడింటినీ పక్కన పెట్టడమే మంచిది. అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, మొత్తం కారుకు ఒకేసారి షాంపూ పూయకూడదు. ఒక వైపు పూసి, రుద్ది, కడిగి, తరువాతి వైపుకు వెళ్లాలి. మధ్యమధ్యలో ఇంతకుముందు కడిగిన భాగాల మీద కాస్త నీరు చల్లుతూ, ఏ చోటా ఆరనివ్వకుండా తడిగా ఉంచాలి.

షాంపూ పూర్తిగా పోయాక పైపు చివర నాజిల్ తీసేసి, మోటారు ఒత్తిడి తగ్గించి, నీరు తుంపరలుగా కాకుండా పలకలాగా ఒక్క ధారగా జారేటట్లు టాపు మీద నుంచి నెమ్మదిగా పోయాలి. ఇలా పోసిన నీరు తనతో పాటు అక్కడక్కడ నిలిచిన బొట్లను కూడా లాక్కుపోతుంది; తుంపర కొడితే వేల చిన్న బొట్లు మిగులుతాయి, ఒక్కో బొట్టు ఒక్కో మచ్చ. బొట్లు బాగా తగ్గాక, వెంటనే, ఆ బోరు నీరు ఆరకముందే చివరి నీటిని అందుకోవాలి. ఆర్వో నీరో, ఏసీ నీరో చేతితో గాలి కొట్టే చిన్న స్ప్రేయరులో నింపి, పై నుంచి కిందికి అన్ని భాగాలూ తడిసేలా కొట్టాలి. ఇది బోరు నీటిని పల్చన చేయడానికి కాదు, తోసేయడానికి. అందుకే ఒక్కో భాగం మీద నీరు కిందికి జారేంతవరకు కొట్టాలి. పొలానికి మందు కొట్టే స్ప్రేయరును దీనికి వాడవద్దు. ఎంత కడిగినా ట్యాంకులో, గొట్టంలో మందు అవశేషాలు ఉంటాయి, ఆ తుంపర మనమే పీల్చుకుంటాం. రెండు లీటర్ల కొత్త స్ప్రేయరు ఒకటి కారు కోసమే పెట్టుకోవాలి. స్ప్రేయరు లేకపోతే మగ్గుతో అంచుల వెంట సన్నగా పోసినా చాలు, నీరు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది.

ఆరబెట్టడం అనేది వెనువెంటనే జరగాలి. ఇంట్లో ఇద్దరుంటే, ఒకరు చివరి నీరు కొడుతూ ఉంటే మరొకరు వెనకాలే తుడుస్తూ రావడం అన్నిటికన్నా మంచి పద్ధతి. మామూలు తువ్వాలు, పాత లుంగీ, బనియను గుడ్డ నీటిని తాగే శక్తిలో చాలవు. చదరపు మీటరుకు 800 గ్రాములు గానీ అంతకు మించి గానీ బరువున్న పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు ఒకటి, సందులకు చిన్నవి రెండు ఉండాలి. పెద్ద తువ్వాలును కొద్దిగా తడిపి పిండుకుంటే పొడిదాని కన్నా త్వరగా నీటిని పీలుస్తుంది. దాన్ని బానెట్ మీద పూర్తిగా పరిచి, రెండు మూలలు పట్టుకొని, దాని బరువుతోనే తనవైపు మెల్లగా లాక్కోవాలి. రుద్దడం, తిప్పడం ఉండకూడదు. నిలువు భాగాల మీద తువ్వాలును మడిచి అద్దాలి. టాపు, ముందు వెనుక అద్దాలు, బానెట్, డిక్కీ పైభాగం ముందు తుడవాలి, ఎందుకంటే అడ్డంగా ఉండే ఈ భాగాల మీదే నీరు నిలుస్తుంది, ఎండ తగిలేదీ వాటికే. తువ్వాలు బరువెక్కి నీటిని తోయడం మొదలైతే ఆగి పిండుకోవాలి. కింద పడిన తువ్వాలును మళ్లీ కారుకు తగిలించకూడదు. ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడటానికి. రబ్బరు అంచు ఉన్న వైపరును అద్దాల వరకే వాడుకోవాలి, పెయింటు మీద లాగితే అంచులో చిక్కిన నలక గీస్తుంది.

ఇంతా చేశాక కూడా అరగంటకు పక్క అద్దాల కింద నుంచి, డోరు పిడి వెనుక నుంచి, నంబరు ప్లేటు చుట్టూ, బ్రేకు లైటు సందుల నుంచి నీరు సన్నటి గీతలుగా కారుతుంది. శుభ్రంగా తుడిచిన కారు మీద మచ్చలు పడేది చాలావరకు ఇలాగే. గాలి ఊదే బ్లోయరు ఉంటే ఈ సందులన్నింటిలో ఊది, వచ్చిన నీటిని చిన్నగుడ్డతో అద్దాలి. లేనివారు నాలుగు డోర్లు, డిక్కీ, పెట్రోలు మూత తెరిచి అంచులు తుడిచి, డోర్లను ఒకటి రెండు సార్లు గట్టిగా మూసి, కారును వీధి చివరి వరకు నెమ్మదిగా నడిపి తెచ్చి, జారిన నీటిని మళ్లీ ఒకసారి తుడుచుకోవాలి. ఆ కాస్త దూరంలో రెండు మూడు సార్లు బ్రేకు తొక్కితే డిస్కుల మీది తడి కూడా పోతుంది. తడి డిస్కులతో కారును మూలన పెడితే మన గాలికి తెల్లారేసరికి వాటి మీద తుప్పు పొర కడుతుంది.

వాడిన తువ్వాళ్లను ఇంటి బట్టలతో కలపకుండా తేలికపాటి లిక్విడ్‌తో ఉతకాలి. బట్టలకు సువాసన, మెత్తదనం ఇచ్చే కండిషనర్ వేస్తే దారాల మీద పూత పట్టి నీరు పీల్చడం తగ్గిపోతుంది. బోరు నీటిలో జాడించి ఆరేసిన మైక్రోఫైబర్ బిరుసుగా తయారవుతుంది, అందుకని వాటికి కూడా చివరి జాడింపు మంచినీటితోనే. గడ్డి, ముళ్లు అంటుకునే కంచె మీద కాకుండా తాడు మీద నీడలో ఆరేసి, దుమ్ము చేరని సంచిలో దాచాలి.

ఇదివరకే పడి ఉన్న మచ్చల సంగతి వేరు. అవి రెండు దశల్లో ఉంటాయి. లవణం పెయింటు పైన మాత్రమే కూర్చున్న దశలో ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. తెల్ల వెనిగర్, ఆర్వో నీరు సమానంగా కలిపి, నీడలో చల్లగా ఉన్న కారు మీద, కడిగిన తరువాతే, మైక్రోఫైబర్ గుడ్డను అందులో తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఆనించాలి. కాల్షియం కార్బొనేట్ వెనిగర్‌లోని ఆమ్లంతో కలిసి నీటిలో కరిగే లవణంగా మారిపోతుంది కాబట్టి రుద్దే పని ఉండదు. ఆ చోటును ధారాళంగా కడిగి వెంటనే తుడవాలి. ఇత్తడి బిందెలకు చింతపండు రుద్దే అలవాటుతో కారు మీద కూడా ప్రయత్నించేవారు ఉంటారు. చింతపండు పీచు, నిమ్మతొక్క పెయింటును గీస్తాయి, పుల్లటి రసం సందుల్లో చేరి జిగటగా మిగులుతుంది, కాబట్టి వద్దు. వెనిగర్ తగిలిన చోట మైనపు పూత బలహీనపడుతుంది గనుక ఆ భాగానికి మళ్లీ మైనం పట్టించాలి. మైనం పట్టించిన పెయింటు మీద నీరు గుండ్రటి ముత్యాల్లా నిలవడం చూసి ఇక తుడవక్కరలేదని అనుకోవడం పొరపాటు. ఆ బొట్లు ఎండలో ఆరితే మచ్చ ఇంకా చిక్కగా పడుతుంది. మైనం చేసే మేలల్లా ఆ మచ్చ లోపలికి దిగకుండా ఆపడం, తుడవడాన్ని తేలిక చేయడం.

వెనిగర్ రెండుసార్లు పెట్టినా పోని మచ్చ, వేలి గోరుతో తాకితే చిన్న గుంటలా తగిలే మచ్చ రెండో దశది. అక్కడ లవణాలు ఎండ వేడిలో క్లియర్ కోటును, అంటే రంగు పైనున్న పారదర్శకమైన పొరను, తినేశాయి. ఆ పొర మందం సాధారణంగా 50 మైక్రాన్ల అటూఇటూ, అంటే తలవెంట్రుక మందం కన్నా తక్కువ. పాలిష్‌తో ఆ పొరను కొద్దిగా అరగదీస్తేనే గుంట సమమవుతుంది కాబట్టి, ఇంట్లో మెషిను పట్టిన అనుభవం లేనివారు ఆ పనిని తెలిసినవారికి అప్పగించాలి, అది కూడా మచ్చలున్న మేరకే చేయించాలి. అద్దాల మీద ముదిరిన మచ్చలకు సీరియం ఆక్సైడ్ పొడితో చేసిన గ్లాసు పాలిష్ పనిచేస్తుంది. అది గాజుకే తప్ప పెయింటుకు తగలకూడదు, కాబట్టి అద్దం చుట్టూ టేపు అంటించుకొని, తడి ఆరకుండా చూసుకుంటూ, చేతితోనే నిదానంగా రుద్దాలి. ముందు అద్దం పూర్తయ్యాక వైపరు రబ్బర్లను కూడా తడిగుడ్డతో తుడవాలి. అంచున పేరుకున్న సున్నపు పొడి అలాగే ఉంటే మొదటి వానకే అద్దం మీద మళ్లీ చారలు గీస్తుంది.